ఇరుసుకూ మగ్గానికీ నడుమ: విక్టోరియా కాలపు మిల్లుల్లో తోలు బెల్టు

లాంకషైర్ బట్టల మిల్లుల చరిత్రలో ఆవిరియంత్రానికి దక్కిన గౌరవం తోలు బెల్టుకు దక్కలేదు. అయినా ఇంజనులో పుట్టిన శక్తి మగ్గం దాకా చేరింది ఈ బెల్టు మీదుగానే కనుక, అక్కడి కార్మికుల పనినీ వారికి పొంచి ఉన్న ప్రమాదాన్నీ తెలుసుకోదలచినవారు ముందుగా దీన్నే పరిశీలించవలసి ఉంటుంది.

అంతస్తుల మిల్లులో ఇంజను తిప్పే నిలువు ఇరుసు నుంచి పళ్లచక్రాల ద్వారా పైకప్పు కింద పొడవునా సాగే లైన్ షాఫ్టులకు, అంటే అడ్డ ఇరుసులకు, చలనం అందేది. విలియం ఫెయిర్‌బెయిర్న్ వంటి మాంచెస్టర్ ఇంజనీర్లు బరువైన ఇరుసులను తీసివేసి, సన్నని ఇనుప ఇరుసులను ఎక్కువ వేగంతో తిప్పే పద్ధతిని తెచ్చారు. అమెరికాలోని లోవెల్‌లో పాల్ మూడీ 1828లోనే ప్రధాన పళ్లచక్రాల చోట కూడా తోలు బెల్టులు వాడగా, బ్రిటిష్ మిల్లులు ఆ చోట చాలాకాలం పళ్లచక్రాలనే నమ్ముకుని, తరువాత నూలు తాళ్ల వైపు మళ్లాయి. ఒక్కొక్క యంత్రాన్ని తిప్పే పని మాత్రం తోలుదే.

బెల్టుకు ఓక్ బెరడుతో పదును చేసిన పశువు తోలులో వెన్ను భాగాన్నే ఎంచుకునేవారు. పొట్ట భాగం ఒక్క తీరుగా సాగదు. ముక్కల కొసలను పలచగా చెక్కి ఒకదానిపై ఒకటి అతికించో, పచ్చితోలు వారుతో కుట్టో అతుకు వేసేవారు. కప్పీ అంచు నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండడం వల్ల బెల్టు పక్కకు జారక మధ్యనే నిలిచేది. బెల్టును మెలివేసి తొడిగితే యంత్రం ఎదురు దిశలో తిరిగేది. మగ్గం పక్కన ఒకే ఇరుసు మీద రెండు కప్పీలుండేవి, ఒకటి ఇరుసుకు బిగించినది, రెండవది వదులుగా తిరిగేది. నేతగత్తె పిడిని కదిపి బెల్టును వదులు కప్పీ మీదికి తోస్తే ఇంజను తిరుగుతుండగానే ఆమె మగ్గం ఒక్కటే ఆగేది. మగ్గం ఉన్నట్టుండి బిగుసుకుంటే, పళ్లచక్రమైతే పళ్లు విరిగేవి, బెల్టు మాత్రం జారి ఊరుకునేది. శక్తిలో కొంత వృథా చేసే ఈ జారుడే యంత్రాన్ని కాపాడిందనడం సరైన మాట.

మనిషిని కాపాడే గుణం దానికి లేదు. వస్త్రమో వెంట్రుకలో చిక్కితే మనిషిని ఇరుసు దాకా ఈడ్చుకుపోవడం, తిరుగుతున్న కప్పీకి బెల్టు ఎక్కించేటప్పుడు చేయి పోవడం ఆ కాలపు ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇరుసులకూ కప్పీలకూ కంచె కట్టాలని 1844 ఫ్యాక్టరీ చట్టం ఆదేశించింది. 7 అడుగులకు పైన ఉన్నవాటికి అవసరం లేదని యజమానులు వాదించి, 1855లో సంఘం కట్టి, ఇన్‌స్పెక్టర్ లియొనార్డ్ హార్నర్‌ను ఎదిరించారు. 1856 చట్టం ఆ రక్షణను ప్రధానంగా స్త్రీలు, పిల్లలు, యువకులు తమ మామూలు పనిలో తాకగల భాగాలకే కుదించింది. నిచ్చెన ఎక్కి బెల్టులు తొడిగే మగవారికి పనితనం ఉంది కాబట్టి కంచె అక్కరలేదన్న వాదన అన్యాయమైనది, ఎందుకంటే తిరుగుతున్న ఇరుసుకు అందరికంటే దగ్గరగా వెళ్లవలసినవారు వారే.