లైను మొత్తం మార్చాలా, లీకు మార్చాలా?

(ముదిగొండ మిషన్ భగీరథ లబ్ధిదారుల సమావేశంలో ప్రసంగం)



మన నల్లాల్లో వచ్చేది కృష్ణ నీళ్లు. సాగర్ ఎడమ కాలువ మీది పాలేరు జలాశయం నుంచి శుద్ధయి వస్తాయి. కొంత దూరం వాలుకు పారినా, ట్యాంకు ఎక్కించడానికి కరెంటు కావాల్సిందే. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, మన పాల్వంచలో కాలేలాంటిదే. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎక్కిస్తే, నష్టాలు కలుపుకొని, అర యూనిట్ దాకా ఖర్చు. బొగ్గు కరెంటయితే అంతకే దాదాపు అర కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తది.

అట్లా తెచ్చినవి వీధిలో కారిపోతుంటే? నిమిషానికి లీటరు కారే చిన్న లీకు రోజుకు 1,440 లీటర్లు. పథకం లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. పద్నాలుగు మంది నీళ్లు మోరీ పాలు.

"అయితే లైనంతా పీకి కొత్తది వెయ్యండి సారూ" అంటారు. నేను వెంటనే ఒప్పుకోను. కొత్త పైపుకు, సిమెంటుకు, ఇనుముకు కూడా బొగ్గు కాలాలి. తవ్విన సీసీ రోడ్డు మళ్లీ పోయాలి. జాయింటు కారితే జాయింటే మార్చుదాం. ఒకే ముక్క మాటిమాటికీ పగులుతుంటే మాత్రం అతుకులు దండగ, ఆ ముక్క మార్చాల్సిందే. 2024 సెప్టెంబరులో మున్నేరు వరద చూశాం గదా. వరద కోసే చోట అదే లోతులో అదే పైపు వేస్తే మళ్లీ కొట్టుకుపోతది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. నల్లాకు మోటరు బిగిస్తే చివరి ఇంటి అక్క బిందె నిండదు. పైగా లీకుల గుండా మురికి గుంజుకొస్తది.

లీకు కనబడితే ఫోటో తీయండి. ఏ ఇంటి ముందో, ఎప్పటి నుంచి కారుతుందో రాసి పంచాయతీ కార్యదర్శికి పంపండి.