ఊపిరి ఉన్నంత మేరకే

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. సముద్రంలో మునిగి ఈటెతో చేపలు కొట్టడం గురించి చెప్పబోతున్నాను. ఇంటిపట్టున ఉండే మనకూ దానికీ సంబంధం ఏమిటంటారా? నేనూ మొదట అలాగే అన్నాను. సిడ్నీలో ఉద్యోగం చేస్తున్న మా చిన్నవాడు ఫోను చేసి, "అమ్మా, స్పియర్‌ఫిషింగ్ నేర్చుకుంటున్నానే" అన్నాడు. "చేప కావాలంటే బజార్లో దొరకదుట్రా?" అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు.

రెండు నెలల తరువాత మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. వాడూ, వాడి స్నేహితుడూ సముద్రానికి వెళ్ళారట. ఆ అబ్బాయి నీళ్ళలోంచి పైకి వచ్చి, బాగానే ఉన్నానన్నట్టు చేయి ఊపి, అంతలోనే తల వాల్చేశాడట. మావాడు పక్కనే ఉండి పట్టుకోబట్టి బతికిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మానెయ్యమని చెప్పగలను, వింటాడని నమ్మకమేమిటి? అందుకని అసలు దాని సంగతేమిటో నేనే తెలుసుకుందామని కూర్చున్నాను.

వాడుండే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో గాలి సిలిండరు కట్టుకొని చేపలను ఈటెతో కొట్టడం నిషేధం. ఊపిరి బిగపట్టి మునగవలసిందే. కొత్తవాళ్ళకు ఈటె కన్నా పెద్ద గండం ఆ ఊపిరిలోనే ఉంది.

ఊపిరి బిగపడితే కాసేపటికి గిలగిల్లాడతాం కదా, అది ప్రాణవాయువు తగ్గినందువల్ల అనుకుంటాం. ముఖ్యంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినందువల్ల. అది మనకు హెచ్చరిక. మునిగే ముందు గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తే ఎక్కువసేపు ఉండవచ్చని కొత్తవాళ్ళు అనుకుంటారు. అలా చేస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుందే గాని, ప్రాణవాయువు పెద్దగా పెరగదు. తెల్లవారుజామున రైలుందని తెలిసీ అలారం నోరు నొక్కి పడుకోవడం లాంటిదన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. ఆ ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లోని ప్రాణవాయువు రక్తంలోకి బాగానే చేరుతుంది. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి సడలి, ఉన్న కాస్తా చాలకుండా పోతుంది. అందుకే మనిషి అడుగున కాక, చివరి కొద్ది మీటర్లలోనో, పైకి వచ్చాకనో స్పృహ తప్పుతాడు. కేక ఉండదు, పెనుగులాట ఉండదు. పక్కన ఎవరూ లేకపోతే అంతే.

కాబట్టి మొదటి నియమం, ఒంటరిగా దిగకూడదు. ఇద్దరూ ఒకేసారి మునగనూ కూడదు. ఒకరు లోపలుంటే ఒకరు పైనుండి చూస్తూండాలి. పైకి వచ్చిన తరువాత కూడా అర నిమిషం చూపు తిప్పుకోకూడదు. తల వాలిస్తే వెంటనే సీసపు బరువుల బెల్టు విప్పేసి, ముఖం నీటిపైకి ఎత్తి, మాస్కు తీసి, ముఖం మీద ఊదుతూ, చెంప తడుతూ, పేరు పెట్టి పిలవాలి. చాలామంది దాంతోనే తేరుకుంటారు. ఊపిరి రాకపోతే నోటితో ఊదాలి. మావాడు చేసింది ఇదే.

మిగతావి త్వరగా చెబుతాను. మొదట శిక్షకుడి దగ్గర, ఈతకొలనులో నేర్చుకోవాలి. లోపల ఉన్నంతసేపటికి కనీసం రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోవాలి. దిగుతూ చెవి నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా ఊదుకోవాలి. జలుబు చేసిన రోజు దిగకూడదు. మాస్కు ముక్కును కూడా కప్పేది కావాలి. పడవలవాళ్ళకు కనబడేలా తేలే బుంగకు జెండా కట్టుకోవాలి. కొట్టిన చేపను నడుముకు కట్టుకోకూడదు, రక్తానికి సొరచేపలు వస్తాయి. ఈటె తుపాకిని నీళ్ళలోకి దిగాకనే ఎక్కుపెట్టాలి, బయటికి వచ్చే ముందే దించెయ్యాలి, మనిషివైపు ఎన్నడూ తిప్పకూడదు. బురదనీటిలో కనబడని దాన్ని కొట్టనే కూడదు.

ఇవన్నీ మగవాళ్ళ సాహసాలనుకోకండి. కొరియా దేశంలోని జేజు ద్వీపంలో ఈ విద్య ఆడవాళ్ళది. వాళ్ళను హేన్యో అంటారు. ఒక నిమిషం దాకా ఊపిరి బిగపట్టి, పది మీటర్లు మునిగి గుల్లలు తెస్తారు. 1960లలో 20 వేలకు పైగా ఉండేవారు, ఇప్పుడు 3 వేల లోపే. చాలామంది అరవై దాటిన అవ్వలు! 2016లో యునెస్కో వీరి సంస్కృతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది. పూర్వం వీళ్ళు తేలడానికి వాడినదేమిటో తెలుసా? ఎండిన సొరకాయ బుర్ర. మన పల్లెటూరి బావుల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు కట్టేవారే, అదే.

వాళ్ళలో మూడు తరగతులుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు లోతు తక్కువ చోటనే దిగాలి. పెద్దవాళ్ళు వాతావరణం చూసి చెప్పినదే మాట. వాళ్ళ భాషలో "ముల్‌సుమ్" అని ఒక మాట ఉంది. నీటి ఊపిరి అని అర్థం. ఊపిరి అయిపోతున్నా, ఇదిగో ఇంకొక్క గుల్ల అని చేయి చాచినవాళ్ళు పీల్చే ఆఖరి ఊపిరి అది. ఎవరి ఊపిరి ఎంతో అంతే తెచ్చుకోవాలని పెద్దలు పిన్నలకు నేర్పుతారు.

చివరగా మన ఇళ్ళ సంగతి. వేసవి వస్తే మన పిల్లలు ఈతకొలనుకో, బావికో పోయి, నీళ్ళలో ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందేలు వేసుకుంటారు. అక్కడా గండం అదే. ఈత బాగా వచ్చినవాడే ముందు పడిపోవచ్చు. ఆ పందెం వద్దని ఈ రోజే చెప్పండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి. కారణం తెలిసిన పిల్లలు మాట వింటారు.

మావాడు ఇప్పటికీ ఆదివారాలు సముద్రానికి వెళుతూనే ఉన్నాడు. పూర్వం ఫోను తియ్యగానే "అన్నం తిన్నావా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "తోడు ఎవర్రా?" అని అడుగుతున్నాను. మొన్న శనివారం, "ఎవరూ రావడం లేదమ్మా, అందుకే రేపు మానేశాను" అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.