రాళ్ళ బండి – ఆర్.సి.లో పేరు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా చెప్పగల మిత్రులు మనలో ఉన్నారు. నేను ఈ రోజు జీపు గురించి, దాని ప్రక్కన బిగించే ఇనుప గొట్టాల గురించి, దాని రేకు కోయడం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. ఈ వయసులో వీడికి జీపెందుకని నవ్వకండి. చివరికి ఇది మన సంతకానికి సంబంధించిన విషయమేనని మీకే తెలుస్తుంది.

జీపు మనకు కొత్తది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తర్వాత బ్లాకు ఆఫీసు అంటే జనానికి ముందు గుర్తొచ్చేది జీపే. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన విల్లీస్ జీపును 1940ల చివరిలో మహీంద్రావారు మన దేశానికి తెచ్చారు. నేను డెబ్బయ్యవ దశకంలో గుమాస్తాగా చేరినప్పుడు జీపు లాగ్ బుక్కు, రిపేరు ఎస్టిమేట్లు నా సీటులోనే ఉండేవి. "చాసిస్ క్రాక్" అని డ్రైవరు రాసిచ్చిన కాగితానికీ, "బాడీ డెంటింగ్" అని రాసిచ్చిన కాగితానికీ ఎంత తేడా ఉందో అక్కడే నేర్చుకున్నాను. జీపుకు చాసిస్ వేరు, బాడీ వేరు. రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డపట్టీలు, చూడటానికి నిచ్చెనలాగా ఉండేది చాసిస్. దాని మీద కూర్చోబెట్టిన రేకు డబ్బా బాడీ. బరువు మోసేది నిచ్చెన. మామూలు కార్లలో ఈ ఏర్పాటు ఉండదు. వాటిలో బాడీయే చాసిస్. ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మా కూతురి కొడుకు బల్కంపేటలో మా ఇంట్లోనే ఉంటాడు. సెకండ్ హ్యాండులో 2020 మోడల్ థార్ కొన్నాడు. ఉద్యోగంలో అప్పుడే చేరాడు గనుక బండిని నా పేరు మీద రాయించారు. ఎల్లమ్మ తల్లి గుడి ముందు పూజ చేయించడం మా వాడకట్టు ఆనవాయితీ, అదీ అయింది. ఆదివారం వచ్చిందంటే స్నేహితులతో కలిసి వికారాబాదు వైపు వెళ్ళి, రోడ్డు వదిలి రాళ్ళ మీద బండి ఎక్కిస్తారు. మన హైదరాబాదు చుట్టూ రాళ్ళకేమి కొరత! ఈ గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటికి బండి తగిలితే నలిగేది బండే.

ఒక రోజు మా వాడు వచ్చి, "తాతయ్యా, బండికి రెండు పనులు చేయించాలి. ఒకటి రాక్ స్లైడర్లు, రెండోది బంపరు కొసలు, చక్రం పైన రేకు అంచు కొంచెం కోయించడం" అన్నాడు. ఎందుకురా అని అడిగాను. వాడు చెప్పిన కారణం సబబుగానే ఉంది. ముందు చక్రాలు రాయి దాటిన తర్వాత బండి నడుము ఆ రాయి మీద కూర్చుంటుంది. థార్‌కు నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, నడుము కింద దాటగల కోణం 27 డిగ్రీలు అని కంపెనీ లెక్క. అంతకు మించిన రాయి వస్తే డోరు కింద ఉండే రేకు పట్టీ నలుగుతుంది. అది నలిగితే డోరు తెరుచుకోదు. మనుషులు లోపల ఉండగా డోరు బిగుసుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు.

రాక్ స్లైడర్ ఆ పట్టీకి కాపలా. చూడటానికి మన పాత జీపు ఫుట్ బోర్డులాగే ఉంటుంది గాని పని వేరు. ఫుట్ బోర్డు మనిషి కాలు మోస్తే చాలు. స్లైడర్ మీద బండి బరువులో సగం పడవచ్చు. అందుకని దాని కాళ్ళు చాసిస్ నుంచే రావాలి. బాడీ రేకుకు బిగిస్తే మొదటి రాయికే రేకుతో సహా ఊడుతుంది.

ఫైలు చూడకుండా నోటు పెట్టే అలవాటు నాకు లేదు. వాడి వెంట నేనూ సనత్‌నగర్ పారిశ్రామికవాడ ప్రక్క సందులో ఉన్న వెల్డింగ్ షాపుకు వెళ్ళాను. మేస్త్రీ వయసులో చిన్నవాడే గాని పనిలో పెద్దవాడు. బండి కింద పడుకొని ముందుగా చూసింది ఇనుము కాదు. బ్రేకు పైపు ఎటు పోతున్నది, డీజిలు పైపు ఎటు పోతున్నది, వైర్లు ఎక్కడ ఉన్నాయి అని సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ తర్వాతే టేపు తీశాడు.

రెండు అంగుళాల గొట్టం, గోడ మందం 3 మిల్లీమీటర్లు. ఒక్కో ప్రక్కకు మీటరున్నర గొట్టాలు రెండు, చాసిస్ వైపు మూడు కాళ్ళు. కాళ్ళు బయటికి పోయేకొద్దీ కొంచెం పైకి లేచి ఉండాలి. కిందికి వాలితే అవే రాయికి తట్టుకుంటాయి. కాలు గొట్టాన్ని కలిసే చోట త్రికోణపు రేకు ముక్క. చాసిస్‌ను తాకే చోట వెడల్పాటి ప్లేటు. బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా ఆ ప్లేటు పంచుతుంది.

చాసిస్‌కు వెల్డింగ్ చేసేస్తే గట్టిగా ఉండదా అని మా వాడు అడిగాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "దూలం చుట్టూ అడ్డంగా వెల్డింగ్ పెడితే ఆ వేడి తగిలిన అంచునే తర్వాత పగులు లేస్తుంది సార్. పైగా ఈ బండ్లలో కంప్యూటరు ఉంటుంది. బ్యాటరీ వైరు తీయకుండా వెల్డింగ్ పెడితే అది పోవచ్చు. నేను ప్లేట్లతో చాసిస్‌ను రెండు వైపులా పట్టించి బోల్టులు వేస్తాను. వద్దనుకుంటే గంటలో విప్పుకోవచ్చు" అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చింది.

లెక్క నేను కట్టాను. ఆ గొట్టం మీటరుకు సుమారు మూడున్నర కిలోలు. ఒక్కో ప్రక్కకు నాలుగు మీటర్ల పైచిలుకు, ప్లేట్లు, బోల్టులు కలుపుకుంటే రెండు ప్రక్కలకు ముప్పై అయిదు కిలోల దాకా వస్తుంది. ఆర్.సి.లో ఖాళీ బండి బరువు అని ఒక గడి ఉంటుందని మీకు తెలుసు.

రెండో పని రేకు కోత. టైరు కొంచెం పెద్దది వేస్తే చక్రం పూర్తిగా తిప్పినప్పుడు, గతుకులో పైకి లేచినప్పుడు అంచుకు రాసుకుంటుంది. అందుకని కోస్తారు. దానికీ ఒక పద్ధతి ఉంది. ఒక చక్రాన్ని జాకీతో పైకి లేపి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, తగిలే చోట టేపు అంటించి, గీత గీసి, గీతకు ఇవతలే కోయాలి. చాలకపోతే మళ్ళీ కోయవచ్చు. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి ప్రైమరు, రంగు వెంటనే పూయాలి. పచ్చి ఇనుము ఒక్క వానాకాలం చూసిందంటే తుప్పు పట్టి లోపలికి పాకుతుంది. పెద్ద టైరుతో ఇంకో చిక్కు ఉంది. టైరు నూటికి అయిదు పెద్దదయితే మీటరు 60 చూపినప్పుడు బండి 63లో పోతుంటుంది.

గొట్టాన్ని విప్పవచ్చు. కోసిన రేకును మళ్ళీ అతికించలేము. ఇక్కడ నాలోని గుమాస్తా మేలుకున్నాడు. చట్టం చూశాను.

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ తేడా వచ్చేటట్లు యజమాని బండిని మార్చరాదని దాని సారాంశం. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం పార్లమెంటు చట్టాన్ని సవరించి 182ఎ సెక్షను చేర్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ముందు బిగించే ఇనుప బుల్ బార్‌ల మీద కేంద్ర రవాణా శాఖ అంతకు ముందే, 2017 డిసెంబరులో, రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలిగి దెబ్బను తాను మింగాలి. ఇనుప దూలం అడ్డంగా ఉంటే ఆ దెబ్బ నేరుగా చాసిస్‌కు పోతుంది, ఎదుట నడిచిపోయే మనిషికి ఇంకా ఎక్కువ తగులుతుంది.

మార్పులన్నీ తప్పని చట్టం అనలేదు. దివ్యాంగులు నడుపుకొనేటట్లు బండిని మార్చుకోవాలంటే అనుమతితో చేసుకోవచ్చు. మనలో కాళ్ళు సహకరించని మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సోదరులారా, ఆ సెక్షనులో ఉన్న పదం ఏమిటి? యజమాని. నడిపినవాడు కాదు, కోయమన్నవాడు కాదు, కోసిన మేస్త్రీ కాదు. మా బండికి ఆ పదం నేనే. మీలో ఎంతమంది కొడుకుల బండ్లు, మనవళ్ళ బండ్లు మీ పేరున ఉన్నాయో ఇంటికి వెళ్ళి చూడండి. రుణం సులువుగా వస్తుందనో, పిల్లవాడు చిన్నవాడనో మనం సంతకం పెట్టి మరిచిపోతాం. ప్రమాదం జరిగిననాడు బీమావారు అడిగేదీ, కోర్టు పిలిచేదీ ఆ పేరునే. పాలసీ కాగితంలో చెప్పని మార్పు బండి మీద కనబడితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఎదుటివాడి ప్రాణం పోయిన కేసయితే ఆ పేచీ మన ఇంటి మీదికి వస్తుంది.

మా వాడితో ఆ రాత్రి కూర్చున్నాను. కేకలు వేయలేదు, సెక్షను చదివి వినిపించాను. వాడు ఊరుకోలేదు. "అందరూ చేయిస్తున్నారు తాతయ్యా. డోరు బిగుసుకుపోయి నాకేమైనా అయితే ఆర్.సి. వచ్చి కాపాడుతుందా?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా దగ్గర చట్టంలో జవాబు లేదు. "రాయి అంత పెద్దదయితే ఆ రాయి ఎక్కవద్దు" అన్నాను. వాడు భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత వాడే వచ్చాడు. ఒప్పందం ఇలా కుదిరింది. రేకు కోత లేదు, టైర్లు కంపెనీ సైజువే. స్లైడర్లు మాత్రం విప్పగలిగేటట్లు చేయించాలి. బరువు, కొలతలు, ఫోటోలు జతచేసి రవాణా అధికారికి, బీమా కంపెనీకి అర్జీలు పెట్టాలి. రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా బిగించకూడదు. అర్జీ ముసాయిదా నేను రాశాను, కొలతలు వాడు వేశాడు. మేస్త్రీ ఒకసారి పెట్టి చూసి, విప్పి, రంగు వేసి ఇచ్చాడు. ప్రస్తుతం ఆ గొట్టాలు రెండూ మా మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. వాడు రోజూ వాటిని చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు. జవాబు కాదని వస్తే అవి పాత సామానులోకి పోతాయని ఇద్దరికీ తెలుసు.

రాళ్ళ పోటీ మీదే మోజున్నవారు ఏమి చేయాలని ఎవరైనా అడగవచ్చు. రోడ్డెక్కని బండిని వేరుగా పెట్టుకొని, ట్రైలరు మీద సొంత స్థలానికి తీసుకుపోయి నడుపుకోవడమే మర్యాద. రోడ్డు మీద నడిచే బండి మాత్రం కాగితంతో సరిపోవాలి.

కాబట్టి మిత్రులకు నా మనవి మూడు మాటలు. మీ పేరున ఉన్న బండ్ల ఆర్.సి.లు ఒకసారి తీసి చదవండి. పిల్లవాడికి ఉద్యోగం స్థిరపడిన వెంటనే బండిని అతని పేరుకు మార్పించండి. ఆ లోపల బండికి ఏ ఇనుము చేరినా, ఏ రేకు తెగినా మీకు చెప్పి, మీరు చదివి, ఆ తర్వాతే జరగాలని ఇంట్లో నియమం పెట్టండి. ముప్పై ఏళ్ళు మనం చదవకుండా సంతకం పెట్టలేదు. ఇప్పుడెందుకు పెట్టాలి?