టైమ్ మెషీన్‌ను కాదు, టైమ్ ఖర్చు ఎవరిదో చూడండి

సుల్తానాబాద్ నుంచి మీ ముందుకు ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ బుర్ర తిప్పే సినిమాలు. టైమ్ వెనక్కి పోతది, ముందుకు పోతది, చూస్తున్నది నిజమా కలనా అని డౌట్ వస్తది. సినిమా అయిపోయినంక పక్కోణ్ణి "నీకు అర్థమైందారా?" అని అడుగుతం కదా, గసుంటి సినిమాలు.

ముందే చెప్తున్నా, ఇందులో స్పాయిలర్స్ ఉన్నయ్. "ఒకే ఒక జీవితం", "అ!" చూడనివాళ్లు ఆ ముక్కలు వచ్చినప్పుడు స్కిప్ కొట్టండి.

యూట్యూబ్‌ల ఇలాంటి సినిమాల మీద "ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్" వీడియోలకు లెక్కే లేదు. బాణం గుర్తులు, లైన్లు, ఏ టైమ్‌లైన్ ఎక్కడ కలిసింది అనే బొమ్మలు. మంచిదే. కానీ నేను ఇవాళ ఒక్కటే ప్రశ్న పట్టుకొని వచ్చిన. సినిమాలో టైమ్ అటూ ఇటూ అయితే, ఆ టైమ్ ఎవరి జీవితంలోంచి పోయింది? ఖర్చు ఎవరు కట్టిండ్రు? ఈ ప్రశ్న వేస్తే చాలు, ఎంత తికమక సినిమా అయినా దారికొస్తది.

"ఇంటర్‌స్టెల్లార్" తీసుకుందాం. 2014లో వచ్చింది, క్రిస్టఫర్ నోలన్ తీసిండు. కిప్ థోర్న్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త సైన్స్ సలహాలు ఇచ్చిండు. ఆ సినిమాలో ఒక నీళ్ల గ్రహం ఉంటది. పెద్ద బ్లాక్ హోల్ పక్కనే ఉంటది కాబట్టి అక్కడ ఒక గంట గడిస్తే భూమి మీద 7 ఏళ్లు గడుస్తయ్. హీరో కూపర్ అక్కడ దిగుతడు, కొద్దిసేపట్లోనే పని చెడుతది, తిరిగి ఓడ ఎక్కేసరికి 23 ఏళ్లు అయిపోయినయ్. అప్పుడు కూర్చొని పిల్లలు పంపిన వీడియో మెసేజ్‌లు చూస్తడు. కొడుకు పెద్దోడైతడు, పెళ్లి చేసుకుంటడు, తండ్రి అయితడు. ఆఖరికి బిడ్డ కనిపిస్తది. "నువ్వు పోయిననాడు నీకెంత వయసో, ఇయ్యాల నాకు అంత వయసు" అనే మాట చెప్తది.

ఇది ఉత్త కల్పన అనుకోకండి. గ్రావిటీ ఎక్కువున్న చోట గడియారం నెమ్మదిగా నడుస్తది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పేది అదే, కొలిచి చూసిన సంగతే. రుజువు మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉంది. మీరు మ్యాప్ పెట్టుకొని సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ పోతున్నరు అనుకోండి. దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతయ్. అక్కడ గ్రావిటీ తక్కువ కాబట్టి గడియారం ఫాస్ట్ అయితది. ఉపగ్రహం వేగం వల్ల కొంచెం స్లో అయితది. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతది. ఆ తేడా సరిచేయకపోతే ఒక్కరోజులో లెక్క దాదాపు 10 కిలోమీటర్లు తప్పుతది. రాజీవ్ రహదారి మీద ఉన్న మీరు ఎక్కడో పొలాల మధ్యల ఉన్నట్టు చూపిస్తది. అంటే టైమ్ అందరికీ ఒక్కతీరుగ నడవదు అన్న మాట మీద ఆధారపడే మనం రోజూ దారి చూసుకుంటున్నం.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆ నీళ్ల గ్రహం మన జిల్లా వాళ్లకు కొత్త కాదు.

మన కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల దిక్కు ఎన్ని ఇండ్లలో బాపు గల్ఫ్‌ల ఉంటడు? దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక, సౌదీ గడియారం రెండున్నర గంటలు వెనక. అది చిన్న తేడా. పెద్ద తేడా వేరే ఉంది. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చే మనిషిని తీసుకోండి. 20 ఏళ్లు గల్ఫ్‌ల చేస్తే పదిసార్లు ఇంటికొచ్చిండు. మొత్తం 20 నెలలు. ఇంటి దగ్గర 20 ఏళ్లు గడిచినయ్, ఆయన ఇంట్లో ఉన్నది రెండేళ్లు కూడా లేదు. పోయేటప్పుడు పాకుతున్న బిడ్డ, వచ్చేసరికి బడికి పోతది. మళ్లోసారి వచ్చేసరికి కొత్తోణ్ణి చూసినట్టు తలుపు చాటుకు నిలబడతది.

ఇప్పుడంటే వీడియో కాల్ ఉంది. అప్పట్లో ఉత్తరాలు, టేప్ క్యాసెట్లు. ఇంట్లో అందరూ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చొని మాట్లాడి, ఊరికి వచ్చిపోయేటోళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేటోళ్లు. అది చేరేసరికి అందులో ముచ్చట పాతదై ఉంటది. పిల్లగాడికి జ్వరం అని చెప్పిన గొంతు వినేటప్పటికి జ్వరం తగ్గి వారాలు గడిచి ఉంటయ్. ఇవతల మాట్లాడినప్పటి కాలం వేరు, అవతల విన్నప్పటి కాలం వేరు. కూపర్ ఏడ్చిన సీన్‌కు మన దిక్కు పిలగాండ్లకు ఎక్స్‌ప్లనేషన్ వీడియో అక్కర్లేదు.

కొందరు ఇదంతా హాలీవుడ్ తెలివి అనుకుంటరు. మన పాత కథలు చూడండి. భాగవతంలో కకుద్మి అనే రాజు ఉంటడు, రైవతుడు అని కూడా అంటరు. కూతురు రేవతికి మంచి సంబంధం అడుగుదామని ఆమెను తీసుకొని బ్రహ్మలోకం పోతడు. అక్కడ పాట నడుస్తుంటే కొద్దిసేపు ఆగుతడు. పాట అయినంక అడిగితే బ్రహ్మ నవ్వుతడు. ఎందుకంటే ఈలోపు భూమి మీద 27 చతుర్యుగాలు అయిపోయినయ్. ఆయన మనసులో అనుకున్న అల్లుళ్లు లేరు, వాళ్ల మనుమలు లేరు, పేర్లు కూడా మిగల్లేదు. చివరికి రేవతిని బలరాముడికి ఇస్తరు. కథలో ఆ పెళ్లి గురించే చెప్తం. కానీ ఒక్క పాట విన్నందుకు తండ్రి ఏం కట్టిండో చూడండి. రాజ్యం, చుట్టాలు, తెలిసిన ప్రపంచం మొత్తం.

నారదుడి కథ ఇంకోటి. మాయ అంటే ఏంటో చూపించమని విష్ణువును అడుగుతడు. నీళ్లల్ల మునిగి లేస్తే ఆడమనిషి అయితడు. పెళ్లి, సంసారం, 60 మంది కొడుకులు. వాళ్లంతా యుద్ధంలో చనిపోతే గుండెలు బాదుకుంటడు. అప్పుడు చూస్తే మళ్లా నారదుడే. ఆ 60 మంది పేర్లే ప్రభవ నుంచి అక్షయ దాకా మన తెలుగు సంవత్సరాలు అని చెప్తరు. ఉగాది పంచాంగంల వినే పేరు వెనుక గింత కథ ఉంది. కొడుకులు నిజం కాదని తేలింది సరే. మరి నారదుడు ఏడ్చిన ఏడుపు నిజమా, కాదా? రియాలిటీ మీద తీసిన ప్రతి సినిమా తిరిగి తిరిగి ఇదే అడుగుతది.

ఇప్పుడు మన సినిమాలు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు "ఆదిత్య 369" తీసిండ్రు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన "ది టైమ్ మెషీన్" దానికి స్ఫూర్తి. బాలకృష్ణ, మోహిని మెషీన్ ఎక్కి 1526కు, కృష్ణదేవరాయల కాలానికి పోతరు. తర్వాత 2504కు పోతరు. అక్కడ యుద్ధం, రేడియేషన్ వల్ల మనుషులు భూమి కింద బతుకుతుంటరు. గమనించండి, వెనక్కి పోతే వైభవం, ముందుకు పోతే బొరియ. ముందుతరం చేసిన యుద్ధానికి తర్వాతి తరం ఎండ లేకుండా బతికి బాకీ తీరుస్తున్నది. గ్రాఫిక్స్ ఇప్పటి కళ్లకు పాతగ అనిపించొచ్చు, ఆ ఆలోచన మాత్రం పాతగ లేదు. 2024లో నాగ్ అశ్విన్ తీసిన "కల్కి 2898 ఏడీ"లో కూడా చివరి నగరం కాశీలో నీళ్లకు, గాలికి కరువు పడ్డ జనమే కనిపిస్తరు.

తర్వాత "ఒకే ఒక జీవితం". 2022లో వచ్చింది, శ్రీ కార్తీక్ డైరెక్షన్. స్పాయిలర్ ఇక్కడే. శర్వానంద్ చిన్నప్పుడే తల్లిని యాక్సిడెంట్‌ల పోగొట్టుకుంటడు. తల్లి పాత్ర అమల గారిది. సైంటిస్ట్‌గా నాజర్ గారు మెషీన్ తయారుచేస్తే, ఇద్దరు దోస్తులతో కలిసి 1998కి పోతడు. వెన్నెల కిశోర్‌కు, ప్రియదర్శికి కూడా సరిచేసుకోవాల్సిన లెక్కలు ఉంటయ్. అమ్మను కాపాడాలని హీరో ఎంత చేసినా ఆమె చావు ఆగదు. మరి ఇంత మెషీన్ ఎందుకు? అమ్మతో ఇంకొన్ని రోజులు దొరికినయ్. అన్నం పెట్టించుకున్నడు, ఆమె ముందు పాడిండు. వాడు మార్చింది గతాన్ని కాదు, గతంతో తన లెక్కను.

ఇక "అ!" సంగతి. 2018లో ప్రశాంత్ వర్మ మొదటి సినిమా, నాని నిర్మాత. రెండు జాతీయ అవార్డులు వచ్చినయ్. ఇక్కడ మెషీన్ లేదు. ఒక హోటల్లో రకరకాల మనుషులు కనిపిస్తరు, ఆఖరికి వాళ్లంతా ఒక్క అమ్మాయి మనసులోని ముక్కలే అని తెలుస్తది. "అంతా ఉత్తదే గదా" అని కొందరు థియేటర్లోంచి లేచిండ్రు. ఉత్తది ఎట్లయితది? ఆ మనుషులు లేకపోవచ్చు. ఆ బాధ ఉంది. నారదుడి ప్రశ్న గుర్తుందా, గదే.

సరే, ఇదంతా మనకెందుకు? ఎందుకంటే మనం ఎక్కువగా వేసుకునే ప్రశ్న తప్పు. "వెనక్కి పోగలిగితే ఏం మారుస్తవ్?" అని అడుగుతం. ఇంటర్ మార్కులు, వదిలేసిన సీటు, అనకూడని మాట. రాత్రి రెండింటిదాకా రీల్స్ స్క్రోల్ చేసుకుంట ఇదే తలుచుకుంటం. ఈ కథలన్నీ కలిసి చెప్పేది వేరే. కకుద్మికి తిరిగి రాలేదు, కూపర్‌కు 23 ఏళ్లు తిరిగి రాలేదు, శర్వానంద్‌కు అమ్మ తిరిగి రాలేదు. పోయిన టైమ్ ఎవరికీ వాపసు రాదు. టైమ్ మెషీన్ ఉన్నోళ్లకే రాలేదు, మనకెట్ల వస్తది? కానీ ఇప్పుడు నడుస్తున్న గంట మాత్రం అందరి చేతిలో ఉంది.

దుబాయ్‌ల ఇప్పుడు టైమ్ ఎంతయిందో లెక్క చూసుకోండి. షిఫ్ట్ అయిపోయి ఉంటే బాపుకు ఫోన్ చేయండి. "తిన్నవా" అని అడిగి పెట్టేయకుండా, ఆయన గడియారం పక్కన ఒక పది నిమిషాలు కూర్చోండి.

ఇంక మీ వంతు. మీకు నచ్చిన టైమ్ సినిమా ఏది, అందులో ఖర్చు కట్టింది ఎవరు? హీరోనా, ఇంట్లో ఎదురుచూసినోళ్లా? కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌ల చదువుకుందాం. ఉంటా మరి.