మార్పుల కాలమున ప్రధానోపాధ్యాయుడు
(పఠనమందిరమున చేసిన ప్రసంగము)



పాఠశాలలనుగూర్చి మాటలాడునపుడు మనము భవనములనుగూర్చియు, పుస్తకములనుగూర్చియు, పరీక్షాఫలములనుగూర్చియు మాటలాడుదుము. ఉపాధ్యాయుడు నేర్చుకొనుచున్నాడా యని యడుగువారు అరుదు. నేర్పువాడు సమస్తము నేర్చియే యున్నాడను భ్రమ మనలో పాతుకొనిపోయినది. కాలము నిలకడగానున్నపుడు దీనివలన పెద్ద హాని లేదు. ఇప్పుడట్లు కాదు.

ఇటీవలి వరుస చూడుడు. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము బెత్తమును నిషేధించినది, మంచిదే. కాని బెత్తము లేక తరగతిని నడపు విద్యను ఉపాధ్యాయునకు నేర్పినవారెవరు? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఒకటినుండి ఆరవ తరగతివరకు ఇంగ్లీషున బోధింపవలెనని ఆజ్ఞాపించినది. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము ఆ యాజ్ఞను కొట్టివేసినది. అదే సంవత్సరము జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానము, సాధ్యమైనచోట్ల ఐదవ తరగతివరకైనను మాతృభాషయే బోధనభాషగా నుండవలెనన్నది. తొమ్మిది నెలలలో మూడు గాలులు! ఏ మాధ్యమము మేలను వివాదమును మరియొకనాటికి విడుతము. ఆ గాలులలో నిలుచుండిన మనిషిని చూడుడనుచున్నాము.

ఇరువదియైదేండ్లు తెలుగున సైన్సు చెప్పిన యొక మాస్టరును తలచుకొనుడు. కిరణజన్య సంయోగక్రియ యనగానే ఆకును, ఎండను, నీటిని పిల్లల కన్నులయెదుట నిలుపగలడు. ఫోటోసింథసిస్ అని మొదలుపెట్టిననాడు ఆయనకు రెండవ వాక్యము తోచదు. పుస్తకము చూచి చదువును. గైడులోని జవాబులు వ్రాయించును. ప్రశ్న యడిగిన పిల్లవానిని కసరి కూర్చుండబెట్టును. ఊరు ఆయనను సోమరి యనును. ఆయనను పట్టి పీడించుచున్నది సిగ్గు. సిగ్గుపడువాడు తన లోటును దాచుకొనును. దాచుకొన్నదానిని ఎవరు దిద్దగలరు?

ప్రధానోపాధ్యాయుని పని ఇచ్చటనే యున్నది. పైనుండి వచ్చిన సర్క్యులరుపై సంతకములు చేయించుటకు బంట్రోతు చాలును. ‘నాకిది రాదు’ అని తోటివారియెదుట పలుకగల ధైర్యమును ఉపాధ్యాయునకు కల్పించుట కష్టమైన పని. అది ఉద్బోధలవలన రాదు. తనకు సరిగా రాని పాఠమును తానే ముందెత్తుకొని, ఉపాధ్యాయులను వెనుక బల్లపై కూర్చుండబెట్టి, తప్పులు చెప్పుడని యడుగవలెను. ఇతరుల తరగతిలో కనిపించిన లోపమును రిజిస్టరున కెక్కింపక సాయంత్రము ఏకాంతమున చెప్పవలెను. చెప్పి, వారము గడచిన పిదప మరల పోయి కూర్చుండవలెను. అందరును కలిసి ఒక్క పాఠమును విప్పి చూచుకొనుటకు టైంటేబిలులో వారమున కొక పీరియడు ఉంచవలెను. ఇంగ్లీషు వచ్చిన క్రొత్త టీచరమ్మయు, సైన్సు తెలిసిన పెద్దమాస్టరును ఒక బల్లయొద్ద కూర్చుండిరేని ఇద్దరును గురువులే, ఇద్దరును శిష్యులే. జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయునకును ఏటికి 50 గంటల వృత్తివికాసమును కోరుచున్నది. ఆ గంటలు సెల్‌ఫోనులో తమంతట తిరుగు వీడియోలతో నిండునో, ఈ బల్లయొద్ద నిండునో ప్రధానోపాధ్యాయుని చేతిలోనున్నది.

మనకు పూర్వోదాహరణము లేకపోలేదు. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరైన యేట్సు దొర, పుస్తకముల తెలుగునకును నోటి తెలుగునకును ఇంత దూరమేల యని విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. ఆ పదవిలోనున్నవారు ఏదో యొకటి చెప్పి పంపివేయవచ్చును. ఆయన యట్లు చేయక, గురజాడ అప్పారావుగారిని, పర్లాకిమిడిలో పాఠములు చెప్పుకొనుచున్న గిడుగు రామమూర్తిగారిని చూపెను. గిడుగువారు ఉద్యోగము చేయుచునే పట్టపరీక్ష నందినవారు. సవరల భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించినవారు. వ్యావహారిక భాషోద్యమమునకు ఆ ప్రశ్నయే నాంది. (గ్రాంథికమున గిడుగువారిని పొగడుట చూచి వెనుక వరుసవారు నవ్వుచున్నారు, నవ్వవచ్చును.)

నేడు ప్రధానోపాధ్యాయుని ప్రొద్దు ఎట్లు గడచుచున్నది? భోజనపు గ్రుడ్ల లెక్క, హాజరు లెక్క, యాపులోనికి ఫోటోల పంపకము. పట్టణవాసులారా, తల్లిదండ్రుల సంఘములలో మీరున్నారు. రాబోవు సమావేశమున ఉత్తీర్ణుల శాతమును అడుగుటకు ముందు, ఈ నెల ఎందరి తరగతులలో కూర్చుంటిరని ప్రధానోపాధ్యాయు నడుగుడు. తీరిక లేదన్నచో, గుమాస్తా లేని బడికి గుమాస్తాను ఇయ్యవలసినదని మీరును మేమును కలిసి విద్యాశాఖకు అర్జీ పెట్టుదము.