కొత్త కంప్యూటరు మూర్ఛపోయిన వేళ

కొత్త వస్తువు ఇంటికి వచ్చిననాడు ఇంటిల్లిపాది ముఖములలో ఒక వెలుగుండును. మొన్న వేసవిలో మా యింటికి వచ్చిన వస్తువు ఆటల కంప్యూటరు. విడిభాగములు కొని బిగించుకొను నేర్పు మాకు లేదు గనుక, దుకాణమువారే సర్వము బిగించి, పరీక్షించి, పెట్టెలో పెట్టి పంపునట్టి తయారు కంప్యూటరునే కొంటిమి. వెల లక్షా నలుబది వేల రూపాయలు. అందులో నలుబది వేలు మా అబ్బాయివి. ఇంజనీరింగులో చేరిన యేడు తాతగారు, అమ్మమ్మగారు, మేనమామలు చేతిలో పెట్టిన డబ్బును వాడు ఒక్క రూపాయి ఖర్చు చేయక దాచుకొనెను. ఈ సంగతి ముందుగానే చెప్పుచున్నాము. ముందు ముందు దీనితో పని యున్నది.

నాలుగవనాటి రాత్రి ఆట మంచి పట్టులో ఉండగా తెరమీది బొమ్మ చటుక్కున మాయమయ్యెను. యంత్రము తనకేదో ఇబ్బంది కలిగినదని రెండు ముక్కలు తెరపై వ్రాసి, తనంతట తానే ఆగి, మరల మొదలయ్యెను. ఏండ్ల తరబడి ఆ తెర నీలి రంగున ఉండుటచేత లోకమున దానికి 'బ్లూ స్క్రీన్' అను పేరు స్థిరపడినది. 2025లో మైక్రోసాఫ్టువారు దానికి నల్లరంగు వేసిరి. రంగు మారినదే గాని, అది తెచ్చు వార్త మాత్రము మారలేదు.

మరునాడు రెండుసార్లు, ఆ మరునాడు నాలుగుసార్లు ఇట్లే జరిగెను. మేము తండ్రులము గనుక వెంటనే తీర్పు చెప్పితిమి: "ఎక్కడెక్కడివో దొంగ ఆటలు తెచ్చి ఎక్కించి ఉంటావు." వాడు "లేదు నాన్నా, డబ్బిచ్చి కొన్న ఆట ఒక్కటే ఉంది, చూడండి" అనెను. మేము చూడలేదు. రెండు దినములు కంప్యూటరు ముట్టరాదని ఆజ్ఞ వేసి, ఆ రెండవనాడు మా పనికై మేమే దానిముందు కూర్చుంటిమి. ఆట లేదు, పాట లేదు, కరెంటు బిల్లు చెల్లించు పుట ఒక్కటే తెరచియున్నది. యంత్రము మా యెదుటనే కూలిపోయెను. వెనుకనుండి వాడు చూచుచునే యుండెను గాని, ఏమియు అనలేదు. ఆ యూరకుండుట మాకు మాటకంటె ఎక్కువ తగిలినది.

ఆ పిమ్మట మేము చేసిన పని మరింత తెలివితక్కువది. ఒక్క సాయంకాలమున విండోసును నవీకరించితిమి, గ్రాఫిక్స్ కార్డు డ్రైవరును మార్చితిమి, ఏవేవో ప్రోగ్రాములు తీసివేసితిమి, గోడలోని ప్లగ్గు కూడ మార్చితిమి. రెండు దినములు నిశ్చింతగా గడచి, మూడవనాడు మరల పడిపోయెను. ఏ మార్పువలన ఆ రెండు దినములు గడచినవో, అసలు మార్పువలననే గడచినవో తెలియు దారి లేకపోయెను.

మా కేంద్రమున కంట్రోలు గదిలో పనిచేయు ఇంజనీరు మిత్రునితో ఈ మాట చెప్పగా ఆయన నవ్వి, "మన లైనులో హమ్ము వస్తే ఏం చేస్తామండీ? మైకు మొదలుకొని ట్రాన్స్‌మిటరు దాకా అన్నీ మార్చేస్తామా? మధ్యలో ఒకచోట చెవి పెట్టి వింటాం. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు ముందున్నది, లేకుంటే వెనకనున్నది. సగం కొట్టేశాం. మిగిలిన సగంలో మళ్ళీ సగం" అనెను. ఇరువది యేండ్లుగా రేడియోలో ఉద్యోగము చేయుచు ఈ సంగతి మాకు తోచకపోయెను గదా అని సిగ్గుపడితిమి.

మరి కంప్యూటరునకు చెవి ఎక్కడ పెట్టవలెను? మొదట పడిపోవు తీరు చూడవలెను. ఆట ఒక్కటే మూతపడి తక్కిన యంత్రము కులాసాగా ఉన్నచో, తప్పు ఆటలోనో డ్రైవరులోనో ఉండుటకు అవకాశ మెక్కువ. ఒక్క మాటయైన చెప్పక, దీపము ఊదినట్లు ఆరిపోయినచో, విద్యుత్తు నందించు పవర్ సప్లయిని, వేడిని ముందుగా అనుమానింపవలెను. తెరపై వ్రాత కనిపించి ఆగినచో ఆ వ్రాతలో ఒక సంకేతనామ ముండును. దానిని కాగితముపై వ్రాసికొనవలెను. వ్రాసికొనుటకు వ్యవధి చాలనిచో, తనంతట తాను మరల మొదలగు అమరికను విండోసులో ఆపివేయవచ్చును.

ఇంతేగాక విండోసు తన దినచర్యను తానే వ్రాసికొనును. స్టార్టు మెనూలో 'రిలయబిలిటీ' అని వెదకినచో, ఏనాడు ఏది కూలినదో పంచాంగమువలె తేదీల వారీగా కనబడును. 'ఈవెంట్ వ్యూయర్' అనునది ఇంకను వివరముగా చెప్పును. ఇక్కడ ఒక హెచ్చరిక. అందులో 'కెర్నెల్ పవర్ 41' అను పద్దు చూచి, పేరులో పవర్ అని యున్నది గనుక పవర్ సప్లయి పాడైనదని చాలమంది నిశ్చయించుకొందురు. యంత్రము సరిగా మూయబడకుండ ఆగిపోయినదని చెప్పుటయే దాని పని. దొంగ పారిపోయిన పిమ్మట గూర్ఖా వేసిన విజిలు వంటిది. దొంగ యెవరో ఆ విజిలుకు తెలియదు.

మా యంత్రపు పద్దులు చూడగా ఒక వింత కనబడెను. ఒకనాటి సంకేతము 'మెమరీ మేనేజ్‌మెంట్', మరునాడు 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా', ఇంకొకనాడు 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్'. ప్రతిసారియు ఒకే డ్రైవరు పేరు, ఒకే సంకేతము వచ్చినచో ఆ డ్రైవరును పట్టుకొనవచ్చును. పడిన ప్రతిసారి పేరు మారుచున్నదన్నచో అందరికిని అడుగుననున్న నేల కదలుచున్నదేమో చూడవలెను. ఆ నేల పేరు మెమరీ. అయినను మా మిత్రుడు తొందరపడనీయలేదు.

సాఫ్టువేరు సంగతి త్వరగా తేల్చితిమి. తయారు కంప్యూటర్లలో రంగుదీపములు వెలిగించుటకును, వేగము పెంచుటకును అమ్మినవారు ఎక్కించిన ప్రోగ్రాములు ఉండును, వానిని తీసివేసితిమి. గ్రాఫిక్స్ డ్రైవరును సమూలముగా తొలగించి మరల ఎక్కించితిమి. మదర్‌బోర్డు వారు విడుదల చేసిన కొత్త బయాసును, కరెంటు పోకుండ యుపిఎస్ ఆసరాతో, ఎక్కించితిమి. ఒక్కొక్క మార్పునకు నడుమ ఒక దినము విడిచితిమి. ఫలితము లేదు.

తరువాత వేడి. మే నెల ఎండ మీరెరిగినదే. ప్రతి భాగపు వేడిని చూపు 'హెచ్‌డబ్ల్యుఇన్ఫో' అను ఉచిత ప్రోగ్రామును తెరచి ఉంచితిమి. యంత్రము పడిన క్షణమునకు ముందు ప్రాసెసరు వేడి 71 డిగ్రీలు. నేటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల సమీపమునకు పోయినప్పుడుగాని వేగము తగ్గించుకొనవు. కనుక వేడి నిర్దోషి. పవర్ సప్లయి తప్పయినచో భారము పడినప్పుడే ఎక్కువగా బయటపడవలెను. మా యంత్రము బిల్లు చెల్లించునప్పుడు కూడ పడినది. ఇంటి కరెంటును అనుమానించి యుపిఎస్‌పై నడిపితిమి. అప్పుడును పడెను.

ఇక పెట్టె విప్పవలెను. విప్పుటకు ముందు వారంటీ కాగితమును చదివితిమి. మాకు అమ్మినవారు పక్క మూత తీయుట తప్పు కాదని వ్రాసియుండిరి. అందరును అట్లు వ్రాయరు. స్విచ్చి కట్టి, తీగ ఊడబీకి, పెట్టెలోని ఇనుమును చేతితో తాకి, ఒంటనున్న స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, అడుగడుగునను ఫోనుతో ఫోటో తీసికొనుచు పని ప్రారంభించితిమి. లారీలో వందల మైళ్ళు ప్రయాణించిన పెట్టె అది. కిలోకు పైబడు బరువుగల గ్రాఫిక్స్ కార్డు ఆ కుదుపులకు తన గాడినుండి కొంచెము లేచియుండవచ్చును. దాని కరెంటు ప్లగ్గు కడదాక దిగియున్నదో లేదో చూడవలెను. ప్రయాణములో కదలకుండుటకై లోపల కూరిన స్పాంజిసంచిని తీయుట మరచి నడిపినవారును కలరు. మేము దానిని తీసియే యుంటిమి. కార్డును ఊడదీసి మరల బిగించితిమి. ఆ రాత్రి గడచినది; ఉదయమున మరల పడినది.

ఇక్కడ 2024లో జరిగిన ఒక సంగతి చెప్పవలెను. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల పెద్ద ప్రాసెసర్లు గల యంత్రములలో కొన్ని ఆటలు తెరచునప్పుడు 'వీడియో మెమరీ చాలలేదు' అని చెప్పి మూతపడెడివి. ఆ మాటను నమ్మి గ్రాఫిక్స్ కార్డులను తిట్టుకొన్నవారెందరో. నిజమునకు తప్పు ప్రాసెసరుది. అది తనకు కావలసినదానికంటె హెచ్చు వోల్టేజిని కోరుకొని, నాళ్ళు గడచినకొలది తన్ను తాను చెడగొట్టుకొనుచుండెను. ఆ యేడు జులైలో ఇంటెల్ సంస్థ ఈ సంగతిని ప్రకటించి, ఆగస్టునుండి బయాసు ద్వారా సవరణలు అందించినది. వారంటీని మరి రెండేండ్లు పొడిగించినది. సవరణ వలన మంచి ప్రాసెసరు చెడకుండును గాని, చెడినది బాగుపడదు. ఆ తరముల యంత్రము గలవారు బయాసు తేదీ చూచుకొనుట మంచిది. మా యంత్రము ఆ జాతిది కాదు.

చివరకు మెమరీ దగ్గరకు వచ్చితిమి. మాది 32 గిగాబైట్లు. 16 చొప్పున రెండు పలకలు. డిడిఆర్5 రకము, వేగము 6000 అని పెట్టెమీద వ్రాసియున్నది. ఈ వేగము దానంతట రాదు. ఆ రకపు మెమరీ సాధారణముగా 4800 వంటి తక్కువ వేగమున మొదలగును. బయాసులో ఎక్స్‌ఎంపి అనియో, ఎక్స్‌పో అనియో ఉండు అమరికను తెరచినప్పుడే పై వేగము వచ్చును. దానిని మూసి చూచితిమి. దినమునకు నాలుగుసార్లు పడునది మూడు దినముల కొకసారి పడసాగెను. ఇంట్లోవారు "ఇక చాలు, పోనిద్దురూ" అనిరి. పోనిచ్చుట ఎట్లు? మేము డబ్బిచ్చినది 6000కు. తక్కువ వేగమున కూడ పడుచునే యున్నది గదా.

మెమ్‌టెస్ట్86 అను పరీక్షను పెన్‌డ్రైవులో ఎక్కించి, దానితోనే యంత్రమును మొదలిడి, రాత్రియంతయు నడిపితిమి. ఈ పరీక్షలో పాసు మార్కు సున్న. ఒక్క తప్పు వచ్చినను మెమరీని నమ్మరాదు. ఉదయము లేచి చూడగా ఎర్రని గీతలు తెరనిండ ఉన్నవి. ఒక పలకను తీసివేసి రెండవదానిని మాత్రమే ఉంచితిమి. మరల అంత సేపు నడిపిన ఒక్క తప్పును లేదు. దానిని తీసి, మొదటిదానిని అదే గాడిలో పెట్టితిమి, తప్పులు వచ్చెను. గాడి మార్చి పెట్టితిమి, అక్కడను వచ్చెను. తప్పు గాడితో గాక పలకతో నడచుచున్నది. కనుక మదర్‌బోర్డు నిర్దోషి, ఆ పలకయే దోషి. ఒక మాట: డిడిఆర్5 పలకలను మార్చిన పిమ్మట మొదటిసారి తెర కొన్ని నిమిషములు నల్లగా ఉండిపోవచ్చును. యంత్రము కొత్త మెమరీతో పొత్తు కుదుర్చుకొనుచున్నదన్నమాట. మేము కంగారుపడి స్విచ్చి కట్టబోగా మా అబ్బాయి చేయి పట్టుకొని ఆపెను.

సంకేతములు పూటకొకటిగా మారుటకు కారణము అప్పుడు బోధపడెను. మెమరీలోని ఒక గది చెడినది. ఒక గడియ ఆ గదిలో ఆట దిగును, ఒక గడియ డ్రైవరు, ఒక గడియ విండోసే దిగును. ఆ క్షణమున ఎవరు అందులోనుండిరో వారిపేర నింద పడును.

అమ్మినవారికి ఫోను చేయగా మొదట "విండోసు మళ్ళీ ఎక్కించండి" అనిరి. పిదప "మీ ఊళ్ళో ఓల్టేజి సరిగా ఉండదేమో" అనిరి. మేము తేదీలతో వ్రాసిన కాగితమును, నాలుగు పరీక్షల ఫోటోలను పంపితిమి. మరి వాదములేదు. మొత్తము యంత్రమును తిరిగి పంపనక్కరలేదని చెప్పి, తొమ్మిదవ దినమున రెండు కొత్త పలకలు పంపిరి. ఈ పలకలు జతగా అమ్ముడగును గనుక జతగానే మార్చుట మేలు. వానిని బిగించి, మరల ఒక రాత్రి పరీక్షించి, సున్న చూచిన పిమ్మటనే 6000 వేగము తెరచితిమి. చెడిన మెమరీతో నడచిన దినములలో విండోసు ఫైళ్ళు కొన్ని తప్పుగా వ్రాయబడి ఉండవచ్చును. 'ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ' అను ఆజ్ఞతో వానిని సరిచేయించితిమి.

నేటికి రెండు నెలలు దాటినది. రిలయబిలిటీ పంచాంగమున ఒక్క ఎర్రగుర్తు లేదు. మేము అన్యాయముగా ఆపించిన ఆ రెండు రాత్రుల బాకీని మా అబ్బాయి వడ్డీతో వసూలు చేసికొనుచున్నాడు. పది గంటలు దాటినను మేమేమియు అనలేకున్నాము.