స్టేజీల పట్టికలో లేని పేర్లు



గోదావరిని, ప్రాణహితను, ఇంద్రావతిని వరుసగా దాటి, భోపాలపట్నము మీదుగా మీ మద్దేడునకు వచ్చి, బీజాపూరు, జగదల్‌పూరుల వైపు సాగిపోవు 63వ జాతీయ రహదారి చెంత నిలిచి, ఈ పట్టప్రదాన సభలో ప్రసంగింపుమని మీరు నన్నాహ్వానించినపుడు, ఏ శాస్త్రమును గూర్చి మాటాడుదునా యని కొంత తడవు సందేహించి, తుదకు నాకన్నము పెట్టిన శాస్త్రమును గూర్చియే మాటాడ నిశ్చయించుకొంటిని. అది జనమును ఒక యూరినుండి మరియొక యూరికి బస్సుపై చేర్చు శాస్త్రము.

నేను చదివినది భాషాప్రవీణ. పండితోద్యోగమునకై రెండేండ్లు తిరిగి, అది లభింపక, కండక్టరు కొలువునకు దరఖాస్తు పెట్టితిని. ఎంపికనాడు ఒక పెద్దమనిషి నా పట్టమును అటునిటు త్రిప్పి చూచి, “విభక్తులు వచ్చినవానికి చిల్లర లెక్కలు వచ్చునా?” యని నవ్వెను. ఆ నవ్వు నన్ను చాలకాలము బాధించినది. చిల్లర లెక్క వారము దినములలో వచ్చినది. చదివిన భాష యెందుకు పనికివచ్చునో తెలియుటకే మూడేండ్లు పట్టినది.

మాది రాత్రి పల్లెలో నిలిచి వేకువన బయలుదేరు నైట్‌హాల్టు బస్సు. ఒకనాడు, ఇంకను తెలవారక మునుపే, ఇప్పపువ్వు మూట నెత్తిన పెట్టుకొని ఒక ముసలమ్మ యెక్కి, కొంగున ముడివేసిన చిల్లర విప్పి నా చేతిలో పోసి, తాను దిగవలసిన యూరిపేరు చెప్పినది. ఆ పేరు నా స్టేజీల పట్టికలో లేదు. మరల అడిగితిని, మరల అదియే చెప్పినది. వెనుకనున్నవారు విసుగుకొనుచుండిరి, “దారి తప్పి యెక్కినావేమో, దిగమ్మా” యని నేననబోవునంతలో, కోయపల్లెలో పుట్టిన మా డ్రైవరు స్టీరింగు వదలకయే తల త్రిప్పి, “అది మన మూడో స్టేజీయే సారూ, కాగితం మీది పేరు కచ్చేరివాళ్లు పెట్టింది, ఆమె చెప్పేది ఊరి పేరు” అనెను. టికెట్టు కొట్టి యిచ్చితిని. ఆమె దానిని చిల్లర ముడిలోనే భద్రపరచుకొని, మూటపై చేయి వేసి కూర్చున్నది.

ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుండి, స్టేజీల పట్టిక అంచున ఒక్కొక్క యూరి యెదుట ఆ యూరివారు పిలుచుకొను పేరును డ్రైవరు నడిగి వ్రాసికొంటిని. ఏ కొండ పేరున, ఏ వాగు పేరున ఆ పేరు పుట్టినదో విచారించితిని. నా వ్యాకరణము అపుడు మేల్కొన్నది. తరువాతి కాలమున మా డిపోకు వచ్చిన క్రొత్త కండక్టర్లు ఆ పట్టికను చేతివ్రాతతో నకలు చేసికొనిపోవుచుండిరి. డ్రైవింగు లైసెన్సులో వ్రాయని యొక విద్య ఆ డ్రైవరు వద్ద నుండుటచేతనే అది సాధ్యమైనదని నేను నేటికిని కృతజ్ఞతతో తలచుకొందును.

ఒక విద్య నేర్చి, దాని పనిని రవాణాలో కనుగొనుట మన యడవులకే పరిమితము కాదు. లండను పాతాళ రైళ్ల స్టేషన్లపై 1916 నుండి వెలసి, స్వల్పమార్పులతో నేటికిని నిలిచియున్న అక్షరములను రూపొందించిన ఎడ్వర్డ్ జాన్‌స్టన్ వైద్యవిద్య విడిచి హస్తలేఖనకళను పట్టుకొన్నవాడు. ఆయనచే ఆ పని చేయించిన ఫ్రాంక్ పిక్ న్యాయశాస్త్రము చదివినవాడు. 1933లో ప్రయాణికుల చేతికి వచ్చిన ఆ రైళ్ల పటమును గీసినవాడు సిగ్నళ్ల విభాగమున నక్షాలు గీయుచుండిన హ్యారీ బెక్. భూమిపై దూరమెంతయో ప్రయాణికునకు అక్కరలేదు, ఎచట ఎక్కి ఎచట మారవలెనో తెలిసిన చాలునని గ్రహించి, వంకరదారులన్నిటిని నిలువు, అడ్డము, ఏటవాలు గీతలుగా సరిచేసినాడు. అక్షరములు, పటము ఎంత చక్కనివైనను బండ్లు నడచుటకు మనుష్యులు కావలెను. అదే నగరమున బస్సులకు, రైళ్లకు మనుష్యులు చాలక 1956లో సముద్రముల కావలి బార్బడోసు ద్వీపమునుండి పనివారిని రప్పించుకొనవలసి వచ్చినది.

మన దేశమునకు వత్తము. నిజాము ప్రభుత్వము 1932 జూనులో రోడ్డు రవాణాను ఆరంభించినపుడు బస్సులు 27, ఉద్యోగులు 166 మంది. అనగా బస్సొకటికి ఇంచుమించు ఆరుగురు. ప్రయాణికునకు కనబడువారు ఇద్దరే. మిగిలిన నలుగురు ఎవరని నేను మిమ్ము నడుగుచున్నాను. వేళల పట్టిక కూర్చువానికి గణితము కావలెను. ప్రమాదము జరిగిననాడు నివేదిక వ్రాయువానికి నిజమును నిజముగా వ్రాయగల వాక్యము కావలెను. అలసిన డ్రైవరు ముఖము చూచి నేడు నీకు డ్యూటీ వద్దని చెప్పగల మనసు కావలెను. ఇక స్టీరింగు పట్టువారు పురుషులే కానక్కరలేదు. నల్లగొండ ప్రాంతపు తండాలో పుట్టి, ఆటో నడిపి పొట్టపోసికొన్న సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరై, పదేండ్లకు, 2025లో, తెలంగాణ ఆర్టీసీకి వచ్చి అచటను తొలి మహిళా డ్రైవరైనది.

మీలో అనేకులు ఇంట దోర్లియో గోండియో మాటాడి, సంతలో తెలుగున బేరమాడి, కచ్చేరిలో హిందీలో అర్జీ వ్రాసి, జగదల్‌పూరు పోయిన హల్బీలో దారి యడుగువారు. ఉద్యోగ దరఖాస్తులో ‘అర్హతలు’ అను గడియెదుట దీనిని మీరు వ్రాయరు. ఎవరును వ్రాయుమని చెప్పరు. దయయుంచి వ్రాయుడు. ఈ దారిని తిరుగు బస్సులలో ముసలమ్మలు నేటికిని ఎక్కుచున్నారు.

నా పాత పట్టికను వెంట తెచ్చితిని. మడతలు చినిగినవి, అంచున ఇంకను చోటున్నది. భోపాలపట్నమునుండి ఇచటికి వచ్చు దారిలో ఎన్నో యూళ్ల బోర్డులు చదివితిని గాని, వాని రెండవ పేర్లు నాకు తెలియవు. సభ ముగిసిన పిదప ఆ మూలబల్ల యొద్ద కూర్చుందును. ఒక్కొక్కరు వచ్చి మీ యూరి పేరు, మీ అవ్వ పిలుచు పేరు, నాకు చెప్పి పొండు.